కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీ

కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీ (సంక్షిప్తంగా సి.డబ్ల్యు.ఎస్.) ఇంగ్లాండులోని వినియోగదారుల సహకార సంఘాలు కలిసి స్థాపించుకొన్న టోకు వ్యాపార సమాఖ్య. ఇది 1863లో చట్టరీత్యా నమోదై, 1864 మార్చిలో మాంచెస్టరు నగరంలో వ్యాపారం ప్రారంభించింది. చిల్లర దుకాణాలు నడిపే సహకార సంఘాలకు కావలసిన సరుకులను ఒక్కచోట పెద్దమొత్తంలో కొని అందించడం దీని తొలి ఉద్దేశ్యం. పదేళ్ళు తిరగకముందే ఈ సంస్థ సొంతంగా బిస్కట్లు, బూట్లు తయారుచేయడం మొదలుపెట్టింది. తరువాతి కాలంలో పిండిమిల్లులు, సబ్బు కర్మాగారాలు, ఓడలు, బ్యాంకు, తేయాకు తోటలు కూడా దీని చేతికి వచ్చాయి. 2001లో దీని పేరు కోఆపరేటివ్ గ్రూపుగా మారింది.

వినియోగదారుల సంఘాలు ఒక సమాఖ్యగా ఏర్పడి టోకు కొనుగోళ్ళు, ఉత్పత్తి చేపట్టడానికి ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా ఉదహరించే నమూనా ఇదే. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. తెలుగువారికి బాగా తెలిసిన ఆప్కో వంటి సహకార సమాఖ్యలు ఉత్పత్తిదారులవి. నేతపనివారు నేసిన బట్టను కొనేవారి వద్దకు చేర్చడం వాటి పని. సి.డబ్ల్యు.ఎస్. నడక దీనికి ఎదురుదిశలో సాగింది. ఇక్కడ కొనేవారే ముందు సంఘటితమై, దుకాణం నుంచి గోదాముకు, గోదాము నుంచి కర్మాగారానికి, కర్మాగారం నుంచి తోటకు వెనక్కి నడిచారు.

నేపథ్యం

ఇంగ్లాండులో లాంకషైర్ ప్రాంతానికి చెందిన రాచ్‌డేల్ పట్టణంలో 1844 డిసెంబరు 21న 28 మంది సభ్యులు, 28 పౌనుల పెట్టుబడితో ఒక చిన్న దుకాణం తెరిచారు. వెన్న, చక్కెర, పిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు - మొదటిరోజు సరుకు అంతే. రాచ్‌డేల్ ఈక్విటబుల్ పయనీర్ల సంఘంగా పేరుపొందిన ఈ సంఘం కల్తీలేని సరుకు, సరైన తూకం, రొక్కానికే అమ్మకం, లాభాన్ని సభ్యుల కొనుగోళ్ళ నిష్పత్తిలో తిరిగి పంచడం అనే పద్ధతులను పాటించింది. ఈ పద్ధతి నచ్చి ఉత్తర ఇంగ్లాండు పట్టణాలలో ఇటువంటి సంఘాలు త్వరత్వరగా వెలిశాయి.

అయితే చిల్లర దుకాణం సభ్యులదే అయినా దానికి సరుకు పోసేది ప్రైవేటు టోకు వర్తకులే. చిన్న ఊరి సంఘం ఒకటి రెండు బస్తాల చక్కెర, ఒక పెట్టె టీ కొనేటప్పుడు బేరమాడే శక్తి దానికి ఉండదు. పైగా ఆ సంఘాల తరపున కొనుగోలుకు వెళ్ళేవారు చాలామంది నిన్నమొన్నటి వరకు మగ్గం ముందు కూర్చున్నవారు. టీ రకాలు, వెన్న నాణ్యత, ధరల హెచ్చుతగ్గులు వారికి కొత్త. ఒకే నగరానికి పది సంఘాల కొనుగోలుదార్లు వెళ్ళి, ఒకే వర్తకుడి ముందు ఒకరిపై ఒకరు పోటీపడి ధర పెంచుకోవడం కూడా జరిగేది. స్థానిక దుకాణదారులు ఒత్తిడి తెచ్చినచోట సహకార సంఘానికి సరుకు అమ్మడానికి వర్తకులు నిరాకరించేవారు. కనుక చిల్లర లాభాన్ని మాత్రమే సభ్యులు దక్కించుకొంటే సరిపోదని, దాని వెనుక ఉన్న అంచెను కూడా తమ చేతిలోకి తెచ్చుకోవాలని కార్యకర్తలు గ్రహించారు.

తొలి ప్రయత్నాలు

ఈ ఆలోచన ఒక్కసారిగా ఫలించలేదు. 1851లో లండనులో క్రైస్తవ సామ్యవాదులు, ముఖ్యంగా ఎడ్వర్డ్ వాన్సిటార్ట్ నీల్ అనే న్యాయవాది, తమ సొంత డబ్బుతో కేంద్ర సహకార ఏజెన్సీని నెలకొల్పారు. దాతల పెట్టుబడితో పైనుంచి ఏర్పడిన ఈ ఏజెన్సీకి ఉత్తరాది సంఘాల ఆదరణ తగినంతగా లభించక అది కొన్నేళ్ళకే మూతపడింది.

రాచ్‌డేల్ సంఘం కూడా 1850లలో తన దుకాణంలోనే ఒక టోకు విభాగాన్ని తెరిచి చుట్టుపక్కల సంఘాలకు సరుకులు అమ్మింది. ఇందులో వచ్చిన చిక్కు వింతగా అనిపించినా సహజమైనదే. బయటి సంఘాలవారు "మన కొనుగోళ్ళ మీద రాచ్‌డేల్‌వారు లాభపడుతున్నారు" అని అనుమానించారు. రాచ్‌డేల్ సభ్యులలో కొందరేమో "మన పెట్టుబడితో బయటివారికి మేలు జరుగుతోంది" అని సణిగారు. రెండువైపులా అసంతృప్తి పెరిగి ఆ విభాగం ఆగిపోయింది. టోకు సంస్థ ఏ ఒక్క సంఘానికో చెందకూడదు, కొనే సంఘాలన్నిటికీ ఉమ్మడి ఆస్తిగా ఉండాలి అన్న నియమం ఈ అనుభవం నుంచే పుట్టింది.

చట్టపు అడ్డంకి

ఉమ్మడి ఆస్తిగా ఉంచడానికి చట్టం ఒప్పుకోలేదు. 1852 నాటి పారిశ్రామిక, పొదుపు సంఘాల చట్టం సహకార సంఘాలకు గుర్తింపు ఇచ్చింది కాని, ఒక సంఘం మరొక సంఘంలో వాటాదారుగా చేరే అవకాశం ఇవ్వలేదు. సభ్యుల బాధ్యత కూడా పరిమితం కాదు. అంటే సంఘం దివాలా తీస్తే సభ్యుడి ఇల్లూ వాకిలీ అప్పులవాళ్ళ పాలవుతుంది. ఇటువంటి స్థితిలో వందల సంఘాలు కలిసి ఒక పెద్ద వ్యాపారం పెట్టడం అసాధ్యం.

1860 ఆగస్టులో మిడిల్టన్ సమీపంలోని జంబో అనే సహకార వ్యవసాయ క్షేత్రంలో పలు సంఘాల ప్రతినిధులు సమావేశమయ్యారు. చట్ట సవరణ, టోకు సంస్థ - ఈ రెండు విషయాలూ అక్కడినుంచే కలిసి ముందుకు నడిచాయి. రాచ్‌డేల్‌కు చెందిన అబ్రహాం గ్రీన్‌వుడ్, విలియం కూపర్ మొదలైనవారు సంఘాల నుంచి అభిప్రాయాలు, చందాలు సేకరించగా, నీల్ న్యాయపరమైన ముసాయిదాలు తయారుచేశాడు. ఫలితంగా వచ్చిన 1862 చట్టం పరిమిత బాధ్యతను అనుమతించింది. ఒక సంఘం వేరొక సంఘంలో 200 పౌనుల వరకు పెట్టుబడి పెట్టవచ్చునని చెప్పింది. 1867లో ఈ పరిమితిని కూడా తొలగించారు. సమాఖ్య అనే భవనానికి పునాదిరాయి నిజానికి ఈ చట్టమే.

స్థాపన, తొలి సంవత్సరాలు

1863 ఆగస్టు 11న "నార్త్ ఆఫ్ ఇంగ్లాండ్ కోఆపరేటివ్ హోల్‌సేల్ ఏజెన్సీ అండ్ డిపో సొసైటీ లిమిటెడ్" అనే పొడవాటి పేరుతో ఈ సంస్థ నమోదయింది. గ్రీన్‌వుడ్ దీనికి మొదటి అధ్యక్షుడు. 1872లో పేరును కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీగా కుదించారు.

మొదలుపెట్టిన సమయం ఏమాత్రం అనుకూలమైనది కాదు. అమెరికా అంతర్యుద్ధం (1861-65) వలన దూదిరాక ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. సహకార సంఘాల సభ్యులలో అత్యధికులు ఆ మిల్లు కార్మికులే. పనిలేక పొదుపు సొమ్ము తిరిగి తీసుకొంటున్న సభ్యులున్న సంఘాలు కొత్త సంస్థలో వాటాలు కొన్నాయంటే వారి నమ్మకం ఎంతటిదో ఊహించవచ్చు.

మొదట ఈ సంస్థ కొన్న ధరకే సరుకిచ్చి, ఖర్చుల కోసం కొద్దిపాటి రుసుము మాత్రం తీసుకోవాలని అనుకొన్నారు. కాని దీనివలన కొన్న ధర అందరికీ తెలిసిపోతుంది, పోటీ వర్తకులకు అది ఆయుధమవుతుంది. నిల్వధనం కూడా పోగుపడదు. అందుచేత త్వరలోనే రాచ్‌డేల్ పద్ధతినే టోకు వ్యాపారానికి వర్తింపజేసి, మార్కెట్టు ధరకు అమ్మి, మిగులును కొనుగోళ్ళ నిష్పత్తిలో సంఘాలకు తిరిగి పంచడం మొదలుపెట్టారు. 1871లో న్యూకాజిల్, 1874లో లండను శాఖలు ఏర్పడ్డాయి.

సమాఖ్య పనిచేసే తీరు

సి.డబ్ల్యు.ఎస్.లో వ్యక్తులు సభ్యులు కారు. సంఘాలు మాత్రమే సభ్యులు. ప్రతి సంఘం తన సభ్యుల సంఖ్యకు తగినన్ని వాటాలు తీసుకోవాలి. వాటాధనంపై నిర్ణీత వడ్డీ తప్ప వేరే లాభం ఉండదు. వడ్డీ, తరుగుదల, నిల్వనిధి పోగా మిగిలినది డివిడెండుగా సంఘాలకు చేరుతుంది. సంఘం తన చిల్లర లాభంతో దీనిని కలిపి ఇంటింటి సభ్యులకు పంచుతుంది.

టోకు వ్యాపారంలో లాభపు వాటా చాలా స్వల్పం. చిల్లర సంఘాలు పౌనుకు రెండు మూడు షిల్లింగుల డివిడెండు ఇచ్చే రోజులలో సి.డబ్ల్యు.ఎస్. ఇచ్చేది పౌనుకు కొన్ని పెన్నీలే. లెక్కకోసం పౌనుకు 3 పెన్నీలు అనుకొంటే (అప్పటి పౌనుకు 240 పెన్నీలు), ఏడాదికి 10,000 పౌనుల సరుకు కొన్న సంఘానికి తిరిగి వచ్చేది 125 పౌనులు. చూడడానికి చిన్న మొత్తమే. అసలు లాభం డివిడెండులో కాక, నిపుణుడైన కొనుగోలుదారు, నికరమైన నాణ్యత, బెదిరింపులకు లొంగని సరఫరా అనే మూడింటిలో ఉండేది.

పాలకవర్గాన్ని సభ్యసంఘాల ఓట్లతో ఎన్నుకొనేవారు. ప్రతినిధుల సమావేశాలు మూడు నెలలకొకసారి జరిగేవి. చిల్లర సంఘంలో మనిషికి ఒకే ఓటు అనే సూత్రం ఉండగా, సమాఖ్యలో పెద్ద సంఘానికి ఎక్కువ ఓట్లు ఉండేవి. మొదట సభ్యుల సంఖ్యనుబట్టి, తరువాతి కాలంలో కొనుగోళ్ళనుబట్టి ఓట్లు లెక్కించారు. వెయ్యిమంది సంఘానికీ యాభైవేలమంది సంఘానికీ ఒకే ఓటు ఇస్తే వెనుకనున్న మనుషులకు అన్యాయం జరుగుతుందనేది దీనికి చెప్పిన సమర్థన.

ఈ నిర్మాణంలో ఒక బలహీనత మొదటినుంచీ ఉంది. సభ్యసంఘం తనకు కావలసినదంతా సమాఖ్య నుంచే కొనాలనే నిర్బంధం లేదు. ప్రైవేటు వర్తకుడు ఒక వారం పెన్నీ తక్కువకు చక్కెర ఇస్తే సంఘం మేనేజరు అటు మొగ్గేవాడు. సొంత సంస్థలో పెట్టుబడి పెట్టి, సరుకు మాత్రం బయట కొనడం అనే ఈ అలవాటు నూరేళ్ళకు పైగా సి.డబ్ల్యు.ఎస్. నాయకులను వేధించింది. 1883లో ఏర్పడిన మహిళా సహకార గిల్డు సభ్యురాళ్ళు తమ దుకాణాలలో సి.డబ్ల్యు.ఎస్. సరుకునే అడిగి తీసుకోవాలని ప్రచారం చేయడం ఈ లోటును కొంతవరకు పూడ్చింది.

కొనుగోళ్ళ విస్తరణ

దళారీలను తప్పించాలంటే సరుకు పుట్టేచోటికి వెళ్ళాలి. శ్రామిక కుటుంబాల తిండిలో ముఖ్యమైన వెన్న కోసం 1866లో ఐర్లండులోని టిప్పెరరీలో సి.డబ్ల్యు.ఎస్. కొనుగోలు కేంద్రం తెరిచింది. తరువాత 1876లో న్యూయార్కు, 1881లో డెన్మార్కులోని కోపెన్‌హాగన్, 1884లో జర్మనీలోని హాంబుర్గ్ నగరాలలో ప్రతినిధులను ఉంచింది. డెన్మార్కులో వెన్న, పంది మాంసం అమ్మేవి రైతుల సహకార సంఘాలు. కొనేది ఇంగ్లాండు వినియోగదారుల సమాఖ్య. ఉత్పత్తిదారుల సహకారం, వినియోగదారుల సహకారం నేరుగా చేతులు కలిపిన సందర్భంగా దీనిని చెప్పవచ్చు.

1870ల నుంచి సంస్థకు సొంత ఓడలు కూడా ఉండేవి. వీటిలో పయనీర్ అనే ఓడ 1894 జనవరి 1న మాంచెస్టరు ఓడ కాలువ తెరుచుకొన్న రోజున ఫ్రాన్సు నుంచి చక్కెరను తెచ్చి ఆ నగరపు రేవులో దించింది. కొత్త రేవులో సరుకు దించిన మొదటి వర్తక నౌక అదే.

సొంత ఉత్పత్తి

1873లో మాంచెస్టరు దగ్గర క్రంప్సాల్‌లో బిస్కట్ల కర్మాగారం, అదే సంవత్సరం లెస్టరులో బూట్ల కర్మాగారం ప్రారంభమయ్యాయి. 1874లో డర్హంలో సబ్బుల తయారీ మొదలయింది. తరువాత 1891లో న్యూకాజిల్ సమీపంలోని డన్‌స్టన్‌లో పెద్ద పిండిమిల్లు, అదే ఏడు లెస్టరులో "వీట్‌షీఫ్" బూట్ల కర్మాగారం, 1890లలో ఇర్లాంలో కొత్త సబ్బు కర్మాగారం, మిడిల్టన్‌లో జామ్ కర్మాగారం వచ్చాయి. బట్టలు, పొగాకు, బ్రష్షులు, ఫర్నిచరు, కుండలు - ఒక శ్రామిక కుటుంబం కొనే దాదాపు ప్రతి వస్తువూ క్రమంగా ఈ జాబితాలో చేరింది.

ఇక్కడ ఉత్పత్తి తర్కం మామూలు కర్మాగారపు తర్కానికి భిన్నం. పెట్టుబడిదారు ముందు కర్మాగారం కట్టి, తరువాత కొనేవాళ్ళ కోసం వెతుకుతాడు. ప్రకటనలు, అమ్మకందార్లు, అరువులు అతనికి తప్పనిసరి ఖర్చులు. సి.డబ్ల్యు.ఎస్. వద్ద ముందుగానే సంఘాల కొనుగోళ్ళ లెక్కలు ఉంటాయి. ఏడాదికి ఎన్ని జతల బూట్లు అమ్ముడవుతున్నాయో టోకు పుస్తకాలే చెబుతాయి. ఆ గిరాకీలో కొంతభాగానికి సరిపడేంత కర్మాగారం కడితే యంత్రాలు ఖాళీగా ఉండే ప్రమాదం తక్కువ. ధర విషయంలో బయటి మార్కెట్టు ఎలాగూ కాపలా కాస్తుంది.

ఈ సూత్రాన్ని పక్కనబెట్టిన చోట దెబ్బతిన్నారు. 1870లలో సంఘాల దుకాణాలతో సంబంధంలేని ఇంజనీరింగు, బొగ్గుగని సంస్థలకు సి.డబ్ల్యు.ఎస్. పెట్టుబడులు, అప్పులు ఇచ్చి నష్టపోయింది. న్యూకాజిల్‌లోని ఔస్‌బర్న్ ఇంజను కర్మాగారం 1875లో కూలిపోవడం వీటిలో ప్రసిద్ధమైనది. ఓడ ఇంజన్లు గృహిణులు కొనే వస్తువు కాదు కదా!

1872లో అప్పులు, డిపాజిట్ల విభాగంగా మొదలైన ఆర్థిక శాఖ 1876లో సి.డబ్ల్యు.ఎస్. బ్యాంకు అయింది. సంఘాల మిగులు సొమ్ము ఇక్కడ డిపాజిట్లుగా చేరి, ఆ సొమ్మే కొత్త కర్మాగారాలకు పెట్టుబడి అయ్యేది.

సబ్బు వివాదం

మన దేశంలో కూడా ఇంటింటా తెలిసిన సన్‌లైట్, లైఫ్‌బాయ్ సబ్బుల సంస్థ లీవర్ బ్రదర్స్ 1906లో ఇతర సబ్బు తయారీదార్లతో కలిసి ఒక కూటమి ఏర్పాటు చేయబోయింది. ముడిసరుకు ధరలు పెరగడంతో లీవరు సబ్బు కడ్డీ ధర మార్చకుండా బరువు తగ్గించింది. డైలీ మెయిల్ పత్రిక దీనిపై తీవ్రంగా దాడిచేయడంతో ప్రజాగ్రహం పెల్లుబికి కూటమి ప్రయత్నం ఆగిపోయింది (పత్రికపై లీవరు వేసిన పరువునష్టం దావాలో 1907లో పత్రిక 50,000 పౌనులు చెల్లించుకోవలసి వచ్చింది, అది వేరే సంగతి). ఆ నెలల్లో కూటమికి బయట ఉన్న సి.డబ్ల్యు.ఎస్. సబ్బుకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ప్రభుత్వ చట్టం ఏదీ లేకుండానే, పోటీగా ఒక కర్మాగారం ఉండడమే ధరకు కళ్ళెం వేయగలదని సహకారవాదులు దీనిని తరచు ఉదహరించేవారు. అనంతరం సబ్బుకు కావలసిన పామాయిలు కోసం సి.డబ్ల్యు.ఎస్. పశ్చిమ ఆఫ్రికాలో కొనుగోలు కేంద్రాలు తెరిచింది.

లాభం ఎవరిది?

సి.డబ్ల్యు.ఎస్. చరిత్రలో అన్నిటికంటే లోతైన వివాదం ఇది. సహకార కర్మాగారంలో మిగిలిన లాభం అక్కడ పనిచేసిన కార్మికుడిదా, లేక ఆ సరుకు కొన్న వినియోగదారుడిదా?

రాచ్‌డేల్ పయనీర్లు 1854లో స్థాపించిన నూలుమిల్లులో కార్మికులకు లాభంలో భాగం ఇచ్చేవారు. మిల్లు బాగా నడవడం చూసి డివిడెండు కోసం వాటాలు కొన్న కొత్తవారి సంఖ్య పెరిగింది; 1862లో వారు ఓటువేసి కార్మికుల భాగాన్ని రద్దుచేశారు. సి.డబ్ల్యు.ఎస్. కూడా తొలి కర్మాగారాలలో కార్మికులకు బోనసు ఇచ్చి, 1875లో మానివేసింది. నీల్, జార్జి జాకబ్ హోల్యోక్, థామస్ హ్యూస్ వంటివారు దీనిని సహకార ఆదర్శానికి ద్రోహంగా భావించారు. కార్మికుడికి యాజమాన్యంలో, లాభంలో భాగం లేకపోతే సహకార కర్మాగారానికీ ప్రైవేటు కర్మాగారానికీ తేడా ఏమిటన్నది వారి ప్రశ్న.

ఎదురు పక్షానికి నాయకుడు 1874 నుంచి 1895లో చనిపోయే వరకు అధ్యక్షుడుగా ఉన్న జె.టి.డబ్ల్యు. మిచెల్. రాచ్‌డేల్‌లో పేద తల్లికి పుట్టి, పదేళ్ళ వయసులోనే నూలుమిల్లులో చేరిన మిచెల్‌ను పెట్టుబడిదారుల పక్షపాతి అనడం కష్టం. లక్షల పౌనుల వ్యాపారాన్ని నడిపించినా చనిపోయేనాటికి అతను మిగిల్చిన ఆస్తి అతి స్వల్పం. కొందరు కార్మికులకు బోనసు ఇస్తే వారు మరొక చిన్న యజమానివర్గం అవుతారనీ, వినియోగదారులు అంటే సమాజమంతా కనుక లాభం వారికే చేరాలనీ, కార్మికుడికి దక్కవలసింది మంచి జీతం, మంచి పని పరిస్థితులు అనీ అతని వాదన. 1891లో బ్రిటిషు సహకారోద్యమంపై పుస్తకం వ్రాసిన బియాట్రిస్ పాటర్ (తరువాత బియాట్రిస్ వెబ్) ఈ వాదాన్నే సమర్థించింది.

వాదనలో మిచెల్ గెలిచాడు గాని, ప్రశ్న మాసిపోలేదు. 1886లో సి.డబ్ల్యు.ఎస్. లెస్టరు బూట్ల కర్మాగారం నుంచి కొందరు కార్మికులు విడిపోయి సొంత సహకార సంఘం పెట్టుకొన్నారు. ఈక్విటీ షూస్ పేరుతో అది 2009 వరకు నడిచింది. తమాషా ఏమిటంటే దాని బూట్లను కొన్నవి కూడా చాలావరకు సహకార దుకాణాలే. మరోవైపు హెబ్డెన్ బ్రిడ్జి పట్టణంలో 1870 నుంచి కార్మికులు నడుపుకొన్న ఫస్టియన్ బట్టల సంఘాన్ని 1918లో సి.డబ్ల్యు.ఎస్. కొనివేసింది.

"మంచి జీతం" అనే మాట కూడా దానంతటదే అమలు కాలేదు. సి.డబ్ల్యు.ఎస్. ఆడపనివారికి కనీస వేతనం కోసం మార్గరెట్ లెవెలిన్ డేవిస్ నాయకత్వంలో మహిళా గిల్డు ఏళ్ళ తరబడి సంఘాల సమావేశాలలో పోరాడవలసి వచ్చింది. 1912లో సమాఖ్య దీనికి అంగీకరించింది. తమ డివిడెండు తగ్గినా సరే, ఆ సరుకు చేసే ఆడపిల్లకు తగిన కూలి ఇవ్వాలని అడిగినవారు గృహిణులైన వినియోగదారులే కావడం గమనార్హం.

స్కాట్లండు సమాఖ్య

స్కాట్లండు సంఘాలు 1868లో గ్లాస్గో కేంద్రంగా స్కాటిష్ కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీని విడిగా స్థాపించుకొన్నాయి. 1887లో గోవన్ దగ్గర షీల్డ్‌హాల్‌లో ఒకే ఆవరణలో అనేక కర్మాగారాలు కట్టింది. కార్మికులకు బోనసు ఇచ్చే పద్ధతిని ఈ సంస్థ ఇంగ్లాండు సంస్థకంటే చాలాకాలం కొనసాగించింది.

1896-97లో గ్లాస్గోలో ప్రైవేటు మాంస వ్యాపారులు సహకార సంఘాలను బహిష్కరించారు. పశువుల సంతలో సహకార సంఘాల పాట స్వీకరించే వారి వద్ద తాము కొనబోమని వేలందార్లను బెదిరించారు. అప్పుడు సమాఖ్య ఇతర ప్రాంతాల నుంచి, విదేశాల నుంచి నేరుగా పశువులను తెప్పించుకొంది. ఒంటరి సంఘమైతే అటువంటి బహిష్కారాన్ని తట్టుకోగలిగేది కాదు.

తేయాకు తోటలు

టీ కొనుగోలు కోసం ఇంగ్లాండు, స్కాట్లండు సమాఖ్యలు 1882 నుంచి ఉమ్మడిగా పనిచేశాయి. 1902లో సింహళంలో (ఇప్పటి శ్రీలంక) తోటలు కొన్నాయి. తరువాత దక్షిణ భారతంలోని పశ్చిమ కనుమలలోను, అస్సాంలోను తోటలు సంపాదించాయి. ఆకు కోసే చోటినుంచి మాంచెస్టరులో టీ కప్పు దాకా మధ్యలో దళారి లేని వ్యవస్థ ఇది. కాని ఈ తోటలలో పనిచేసిన భారతీయ కూలీలకు సంస్థలో సభ్యత్వంగాని, ఓటుగాని, డివిడెండుగాని లేవు. వలస పాలనలోని ఇతర తోటల మాదిరిగానే వీటినీ నడిపారు. వినియోగదారులు అంటే సమాజమంతా అన్న మిచెల్ సూత్రానికి ఉన్న హద్దు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇతర దేశాలు

డెన్మార్కు, జర్మనీ, స్విట్జర్లాండు, ఫిన్లాండు తదితర దేశాలలోనూ టోకు సమాఖ్యలు వెలిశాయి. జర్మనీలో 1894లో హాంబుర్గ్‌లో ఏర్పడిన సమాఖ్య నాజీల పాలనలో స్వతంత్రత కోల్పోయింది. 1918లో స్వీడన్, డెన్మార్కు, నార్వే సమాఖ్యలు కలిసి కాఫీ వంటి దిగుమతుల కోసం కోపెన్‌హాగన్‌లో ఉమ్మడి కొనుగోలు సంస్థను నెలకొల్పాయి. అది సమాఖ్యల సమాఖ్య.

వీటిలో స్వీడన్ సమాఖ్య (కె.ఎఫ్., 1899) అనుభవం ప్రత్యేకమైనది. వస్తువులన్నీ తయారుచేయాలని అది అనుకోలేదు. తయారీదార్లు కూటమి కట్టి ధర పెంచిన చోట మాత్రమే కర్మాగారం పెట్టేది. 1909లో మార్గరిన్, 1922లో పిండి, 1926లో వానకాలపు రబ్బరు తొడుగుల పరిశ్రమలలోకి ఆ విధంగానే ప్రవేశించింది. 1924లో ఏర్పడిన ఫీబస్ అనే అంతర్జాతీయ కూటమి విద్యుద్దీపాల బల్బుల ధరలను, ఆయుష్షును కూడా నియంత్రిస్తుండగా, కె.ఎఫ్. స్టాక్‌హోంలో లూమా బల్బుల కర్మాగారం కట్టింది. కర్మాగారం పని మొదలుపెట్టకముందే స్వీడన్‌లో బల్బుల ధరలు దిగాయి. అమెరికా రచయిత మార్క్విస్ చైల్డ్స్ 1936 నాటి తన పుస్తకంలో ఈ కథను ప్రచారంలోకి తెచ్చాడు.

క్షీణత, పునర్వ్యవస్థీకరణ

బ్రిటనులో 1903 నాటికి 1,455 చిల్లర సహకార సంఘాలు ఉండేవి. ఈ సంఖ్యే తరువాత శాపమైంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సూపర్‌మార్కెట్ల గొలుసు సంస్థలు ఒకే కేంద్రం నుంచి కొని, ఒకే ధర నిర్ణయించి, ఒకే ప్రకటన ఇచ్చాయి. సహకార సంఘాలలో మాత్రం ఏది కొనాలో వందలాది పాలకవర్గాలు విడివిడిగా నిర్ణయించేవి. సి.డబ్ల్యు.ఎస్. తన కర్మాగారాల సరుకు అమ్ముడుపోవాలని చూస్తే, సంఘాలు చవకగా దొరికేది చూసుకొనేవి. ఉత్పత్తికి పుట్టినప్పుడు ఉన్న బలం - ముందే తెలిసిన గిరాకీ - ఇలా సడలిపోయింది. హ్యూ గైట్స్‌కెల్ అధ్యక్షతన పనిచేసిన స్వతంత్ర సంఘం 1958లో ఇచ్చిన నివేదిక సంఘాల విలీనాలను గట్టిగా సూచించింది. అమలు మాత్రం నత్తనడక నడిచింది.

1973లో స్కాటిష్ సమాఖ్య, తన బ్యాంకు వ్యవహారాలలో వచ్చిన నష్టం కారణంగా, సి.డబ్ల్యు.ఎస్.లో విలీనమయింది. చిక్కుల్లో పడిన చిల్లర సంఘాలను కూడా కలుపుకొంటూ సి.డబ్ల్యు.ఎస్. స్వయంగా చిల్లర వర్తకంలోకి దిగింది. 1993లో ఏర్పాటయిన చిల్లర వాణిజ్య బృందం ద్వారా, విడిగా ఉన్న సంఘాలు కూడా ఒకే చోట కొనుగోలు చేయడానికి ఒప్పుకొన్నాయి. నూటముప్పై ఏళ్ళ క్రితం అడిగిన విధేయత అప్పటికి కుదిరింది.

అయితే అప్పటికే కర్మాగారాలు భారమయ్యాయి. 1994లో ఆహార కర్మాగారాలను ఆండ్రూ రీగన్ అనే వ్యాపారి సంస్థకు 111 మిలియను పౌనులకు అమ్మివేశారు. అదే వ్యక్తి 1997లో మొత్తం సి.డబ్ల్యు.ఎస్.నే కొనడానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు. 2000లో మరొక పెద్ద చిల్లర సంఘమైన సి.ఆర్.ఎస్. విలీనం, 2001లో పేరు మార్పు జరిగాయి. 2013లో బ్యాంకు వలన కోఆపరేటివ్ గ్రూపు భారీ నష్టాలపాలై, బ్యాంకుపై ఆధిపత్యాన్ని పోగొట్టుకొంది. 2017లో చివరి వాటాను కూడా వదులుకొంది. 2014లో సొంత వ్యవసాయ క్షేత్రాలను అమ్మివేసింది. ఉమ్మడి కొనుగోలు మాత్రం ఇతర స్వతంత్ర సంఘాలతో కలిసి నేటికీ కొనసాగుతోంది.

భారతదేశంలో

భారతదేశంలో కూడా చట్టం అదే క్రమంలో నడిచింది. 1904 నాటి చట్టం పరపతి సంఘాలను మాత్రమే గుర్తించింది. 1912 చట్టం ఇతర సంఘాలను, సంఘాల సమాఖ్యలను అనుమతించింది. అప్పటి ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు రాజధానిలో 1904లో ప్రారంభమైన ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ రాచ్‌డేల్ స్ఫూర్తితో ఏర్పడిన తొలి వినియోగదారుల సంఘాలలో ఒకటి.

1962 చైనా యుద్ధం తరువాత ధరలు పెరగడంతో కేంద్ర ప్రభుత్వం పట్టణాలలో టోకు సహకార భండారాలను, వాటి కింద ప్రాథమిక భండారాలను ఏర్పరచే పథకం చేపట్టింది. తెలుగు పట్టణాలలో "సూపర్ బజార్" అనే పేరు వాడుకలోకి వచ్చింది ఈ దశాబ్దంలోనే. 1965లో జాతీయ స్థాయిలో భారత జాతీయ సహకార వినియోగదారుల సమాఖ్య (ఎన్.సి.సి.ఎఫ్.) ఏర్పడింది. ఇంగ్లాండులో కింది సంఘాలు తమ డబ్బుతో సమాఖ్యను కట్టుకోగా, ఇక్కడ సమాఖ్య వాటా మూలధనంలో అధికభాగం కేంద్ర ప్రభుత్వానిది. అందుచేత ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వానికి ఇది ఒక సాధనంగా ఉపయోగపడుతుంది. 2023 జూలైలో టమాటా ధరలు విపరీతంగా పెరిగినప్పుడు ఈ సమాఖ్య ఆంధ్ర ప్రదేశ్‌లోని మదనపల్లె, కర్ణాటకలోని కోలారు మార్కెట్లలో టమాటాలు కొని ఢిల్లీ మొదలైన నగరాలలో రాయితీ ధరకు అమ్మింది.